ఇటుకలతో రాకెట్ పొయ్యి కట్టాను, పొగ మాత్రం మూడు రాళ్ల పొయ్యి కన్నా ఎక్కువ వస్తోంది

మర్రిగూడ రైతుబిడ్డ
అందరికీ నమస్తే. మాది నల్లగొండ జిల్లా మర్రిగూడ వైపు. ఇంట్లో గ్యాస్ ఉంది, కానీ అమ్మ చాయకు, కూరకు తప్ప దాన్ని ముట్టదు. స్నానాల నీళ్లు, బర్లకు దాణా, వారంలో నాలుగు రోజులు జొన్న రొట్టెలు, అన్నీ వాకిట్లో మూడు రాళ్ల మీదే. కట్టెలు బాగా పోతున్నాయని, అమ్మ కళ్లు మండుతున్నాయని, వీడియోలు చూసి నేనే ఇటుకలతో రాకెట్ పొయ్యి కట్టాను, అంటే కింద పక్కనున్న నోట్లో కట్టెలు పెడితే, మంట నిటారు గొట్టంలో నుంచి పైనున్న గంజుకు పోయే పొయ్యి. కట్టెలు పెట్టే నోరు 7 అంగుళాలు, లోపల కింది నుంచి పైదాకా ఎత్తు 9 అంగుళాలు. బయట జానెడు మందాన ఎర్రమన్ను, ఇసుక, వరిగడ్డి కలిపి మెత్తాను, వేడి బయటికి పోవద్దని. గంజు నేరుగా ఇటుకల మీదే కూర్చుంటుంది, మంట వృథాగా పోకుండా సందులు కూడా మన్నుతో మూసేశాను. పత్తికట్టె, పోయిన వారం కొట్టిన సర్కారు తుమ్మ వేస్తున్నాం.
పొగ అంతా ముందు నోట్లో నుంచే వస్తోంది. అమ్మ ఏమన్నదో చెప్పాలా? "నీ రాకెట్ పైకి పోతలేదురా, నా మొఖం మీదికి వస్తుంది" అన్నది. ఎక్కడ తప్పు చేశానో చెప్పండి.

దేవరకొండ దోస్త్
అమ్మ మాట గోడ మీద రాసి పెట్టుకో అన్నా 😂 ఫొటో కూడా పెట్టు.

సుతారి మామ
అల్లుడూ, ఫొటో అక్కర్లేదు, నువ్వు రాసిందాంట్లోనే అన్నీ ఉన్నయి. నలభై ఏళ్లుగా గోడలు కడుతున్న, ఫంక్షన్లకు వంట పొయ్యిలు తవ్వి పెట్టిన. మొదటి సంగతి, గంజు చుట్టూ సందులు మూసేసినవు కదా, అంటే పొగ పైకి పోయే దారికి నువ్వే మూత పెట్టినవు. పైన దారి లేకపోతే అది యాడికి పోవాలె? నోట్లో నుంచే వస్తది. ముందు గంజును మూడు దిక్కుల ఇటుక ముక్కలు పెట్టి లేపు, సగం పొగ అక్కడే పోతది. రెండోది, నోరు 7 అంగుళాలు ఎక్కువ. పెద్దగ ఉంటే ఇంట్లోవాళ్లు కట్టెలు కూడా పెద్దగ కూరుతరు, మంట కింద చల్లగాలి గుంపుగా దూరుతది. మూడోది పచ్చి తుమ్మ. పోయిన వారం కొట్టిందంటే అది కట్టె కాదు, ఇంకా చెట్టే.

మర్రిగూడ రైతుబిడ్డ
మామా, సందులు మూస్తే వేడి నిలుస్తుందనే కదా మూసింది. ఎంత లేపాలి? అంగుళమా, బెత్తెడా?

కల్వకుర్తి లెక్కల పంతులు
దీనికి అందాజా అక్కర్లేదు బాబూ, లెక్క ఉంది. నోటి కొలత ఎంతో, మంట దాటే ప్రతి చోటా దారి కొలత కూడా దాదాపు అంతే ఉండాలి. ఎక్కడా ఇరుకు కావొద్దు, ఎక్కడా విచ్చలవిడిగా వెడల్పు కావొద్దు.
నోరు 5 అంగుళాలు, లోపలి గొట్టం కూడా 5 అంగుళాలు చదరంగా కట్టావనుకో. వైశాల్యం 25 చదరపు అంగుళాలు. గొట్టం అంచు చుట్టుకొలత 20. 25ను 20తో భాగిస్తే ఒకటింపావు. అంటే గొట్టం మీద గంజు అడుగు ఒకటింపావు అంగుళం ఎత్తులో ఉండాలి. ఇక గంజు 12 అంగుళాల వెడల్పుదైతే దాని చుట్టుకొలత 37.7, 25ను దానితో భాగిస్తే 0.66. అంటే గంజు చుట్టూ రేకు తొడిగితే, రేకుకూ గంజుకూ మధ్య ముప్పావు అంగుళం కంటే కాస్త తక్కువ సందు చాలు. ఆ సందులో వేడిగాలి గంజు పక్కలను రాసుకుంటూ పోతుంది. రేకు లేకపోతే అడుగును తాకి ఆకాశానికి పోతుంది.
ఎత్తు మాటకొస్తే, గొట్టం వెడల్పుకు రెండున్నర రెట్లు, అంటే 12, 13 అంగుళాలైనా ఉండాలి. 9 అంగుళాల్లో మంట పూర్తిగా మండకుండానే గంజుకు తగులుతుంది, తగిలి చల్లారుతుంది, ఆ మండని భాగమే పొగ, గంజు కింద మసి. ఈ రాకెట్ పొయ్యి పద్ధతి 1980లలో అమెరికాలో ఓరెగాన్ రాష్ట్రంలోని అప్రొవెచో పరిశోధన కేంద్రంలో లారీ వినియార్‌స్కీ అనే ఆయన సూత్రాలుగా కుదిర్చింది. నేను చెప్పిన కొలతలన్నీ ఆ దారిలోనివే. ఆయన చెప్పిన వాటిలో మనవాళ్లు ఎప్పుడూ వదిలేసేది ఒకటుంది, గొట్టం చుట్టూ ఉండాల్సింది తేలికైన పదార్థం, బరువైనది కాదు. నీ జానెడు మన్ను సంగతి మళ్లీ రాస్తాను, ఇప్పుడు కరెంటు పోయేలా ఉంది.

జొన్నరొట్టె జిందాబాద్
సార్ వచ్చారంటే క్లాసే 🙏

వనపర్తి వదిన
సార్, మన్ను మీద నాకు అభ్యంతరం ఉంది. మా అత్తమ్మ కట్టిన పొయ్యి జానెడు కాదు, మూరెడు మందం. పుట్టమన్ను, పేడ, ఊక తొక్కి తొక్కి కట్టింది. రాత్రి వంట అయ్యాక తెల్లారే దాకా వెచ్చగా ఉంటుంది, పిల్లి దాని పక్కనే పడుకుంటుంది. వేడి నిలుస్తుందనడానికి అంతకంటే సాక్ష్యం ఏం కావాలి?

కల్వకుర్తి లెక్కల పంతులు
కరెంటు వచ్చింది. వదినగారూ, మీ పిల్లే నా సాక్షి! తెల్లారే దాకా పొయ్యి వెచ్చగా ఉందంటే, అన్నం కుండకు పోవాల్సిన వేడి మన్నులోకి పోయిందని. మీరు కట్టెలు పెట్టింది పిల్లికా, అన్నానికా?
ఈ లెక్క చూడండి. పొయ్యి లోపలి మన్ను ఓ 40 కిలోలు వేడెక్కుతుందనుకుందాం, సగటున 100 డిగ్రీలు పెరిగిందనుకుందాం. మన్నుకు కిలోకు, డిగ్రీకి దాదాపు 0.2 కిలోకేలరీ పడుతుంది. మొత్తం 800 కిలోకేలరీలు. కిలో ఎండు కట్టెలో సుమారు 3,800 ఉంటాయి. అంటే పావుకిలోకు దగ్గర కట్టె, పొయ్యి తన ఒళ్లు తాను కాచుకోవడానికే తింటుంది. గంట సేపు ఇద్దరికి వండే ఇంట్లో ఇది పెద్ద నష్టం. పొద్దంతా పొయ్యి ఆరని పెళ్లింట్లోనో, హోటల్లోనో పెద్దగా లెక్కలోకి రాదు, ఎందుకంటే ఒకసారి కాగాక ఇక కొత్తగా తాగేది తక్కువ. మీ అత్తగారి రోజుల్లో ఇంట్లో పదిహేను మంది ఉండి ఉంటారు. ఆమె పొయ్యి ఆమె కాలానికి తప్పు కాదు.

వనపర్తి వదిన
పద్దెనిమిది మంది. సరే, ఒప్పుకుంటా సగం. చలికాలం పొద్దున మాత్రం ఆ వెచ్చదనం నాకు కావాలి, దాన్ని నష్టం ఖాతాలో రాయను.

మిల్లు బూడిద
మిర్యాలగూడ నుంచి. తేలికైన పదార్థం అంటున్నారు కదా, మా దగ్గర మిల్లుల ఊక బూడిద కుప్పలు కుప్పలుగా ఉంటుంది. ఊకలో ఐదో వంతు దాకా బూడిదే మిగులుతుంది, అందులో ఎక్కువ భాగం సిలికా. తీసుకుపోతామంటే సంతోషంగా ఇస్తారు. గొట్టానికీ బయటి గోడకూ మధ్య రెండు, మూడు అంగుళాలు ఇదే పోసి నింపండి. దాంట్లో ఉన్నదంతా గాలే కాబట్టి వేడి దాటదు. నేను ఇంట్లో చేశాను, లోపల భగభగ మండుతున్నా బయట చెయ్యి పెట్టొచ్చు.
రెండు జాగ్రత్తలు. నల్లగా ఉన్న బూడిదలో కాలని బొగ్గు ఉంటుంది, అది లోపల మెల్లగా రగిలి కుంగిపోతుంది, తెల్లగా, బూడిద రంగులో ఉన్నది ఏరుకోండి. పోసేటప్పుడు ముక్కుకు తువ్వాల కట్టుకోండి, ఆ దుమ్ము ఊపిరితిత్తులకు మంచిది కాదు. వారం తర్వాత బూడిద కుంగుతుంది, పైనుంచి మళ్లీ పోయాలి. ఊక బూడిద దొరకకపోతే ఇంట్లో పొయ్యి బూడిద జల్లించి పోసినా నడుస్తుంది.

దేవరకొండ దోస్త్
నాకో డౌట్. లోపలి గొట్టం జీఐ పైపుతో పెడితే పని అయిపోతుంది కదా? మా వెల్డింగ్ షాపులో ముక్కలు పడి ఉన్నాయి.

సుతారి మామ
వద్దు తమ్మీ. జీఐ అంటే పైన జింకు పూత. బాగా కాగితే ఆ పొగ పీల్చినోనికి జ్వరం, ఒళ్లునొప్పులు వస్తయి, వెల్డింగ్ చేసేటోళ్లను అడుగు. మామూలు ఇనుప రేకు పెట్టినా, చుట్టూ బూడిద పోస్తే వేడి ఎటూ పోక రేకే కాలి పొరలు పొరలుగా రాలుతది, ఎక్కువ రోజులు ఉండదు. సిమెంటు కూడా మంట తగిలే చోట వద్దు, పగులుతది. వాగు రాళ్లు పెట్టొద్దు, లోపల నీరుంటే టప్పుమని పేలుతయి. తాండూరు బండ మిగిలింది కదా అని కొందరు పరుస్తరు, అది సున్నపురాయి, మంటకు పొరలు లేస్తది.
నా మాట విని కుమ్మరాయన దగ్గరికి పో. 5 అంగుళాల వెడల్పు, 13 అంగుళాల ఎత్తు, అడుగు లేని కుండలాగ గొట్టం చేయించు. మన్నులో ఊక బాగా కలపమను. ఆవంలో కాలినప్పుడు ఊక మాడిపోయి చిన్న చిన్న బొక్కలు పడతయి, గొట్టం తేలికైతది, వేడిని కూడా తాగదు. పచ్చిగా ఉన్నప్పుడే కింద పక్కకు నోరు కోయించు, కాలినంక కోస్తే పగులుతది. చుట్టూ ఇటుకలు గూడు లెక్క పేర్చు, నడుమ బూడిద పోయి, పైన మన్నుతో మూతి కట్టు. అయిపాయె.
ఇంకొకటి మరిచిన, నోట్లో అడ్డంగా రేకు పలక పెట్టు, కట్టెలు దాని మీద, గాలి దాని కింద. కట్టె మొన మాత్రమే మండాలె. కట్టె మొత్తం నిప్పుల మీద పడితే అది మళ్లా మూడు రాళ్ల పొయ్యే.

మర్రిగూడ రైతుబిడ్డ
అందరికీ థ్యాంక్స్. కుమ్మరి గొట్టానికి పది రోజులు పడుతుందట. ఈలోపు ఉన్న ఇటుకలతోనే నోరు 5కు తగ్గించి, ఎత్తు 13కు పెంచి, గంజును లేపి, నూనె డబ్బా రేకు కోసి పలక పెట్టాను. పోయినేడు కొట్టిన తుమ్మ పెరట్లో ఉంటే అది తీశాను. మొదటి రోజే పొగ మాయం! అంటించినప్పుడు రెండు నిమిషాలు వస్తుంది, తర్వాత గుర్రుమని చప్పుడు వస్తోంది లోపల. ఆ చప్పుడు విని అమ్మ కుర్చీ వెనక్కి జరుపుకుంది.
ఇప్పుడు సమస్య పత్తికట్టె. ఫటఫటా మండిపోతుంది, ఐదు నిమిషాలకోసారి తోస్తూ కూర్చోవాలి. అమ్మకు అంత ఓపిక ఎక్కడిది.

వనపర్తి వదిన
ఒక్క తుమ్మ కట్టె, చుట్టూ నాలుగు పత్తి పుల్లలు, ఇలా కలిపి పెట్టండి. పుల్లలు మంట ఇస్తాయి, తుమ్మ నిలబెడుతుంది. ఉత్త పత్తికట్టె అయితే చీపురులా కట్ట కట్టి పెట్టండి, ఒక్కసారే అంటుకోదు. మా దగ్గర కందికట్టె, ఇదివరకు ఆముదం కట్టె కూడా ఇట్లే వాడేవాళ్లం.

దేవరకొండ దోస్త్
పత్తికట్టె మాట వచ్చింది కాబట్టి, సంబంధం లేకపోయినా ఒక మాట. పగలని కాయలతో సహా కుప్ప వేసి చేను గట్టున వచ్చే వానకాలం దాకా ఉంచొద్దు, గులాబీ పురుగు దాంట్లోనే కూర్చుంటుంది. కాయలు రాల్చి, త్వరగా వాడేసుకోండి.

జొన్నరొట్టె జిందాబాద్
అన్నీ బాగున్నాయి, అసలు ప్రశ్న ఎవరూ అడగలేదు. రొట్టె సంగతేంటి? మా నారాయణపేటలో నేనూ ఇట్లాంటిది ఒకటి తెచ్చుకున్నా. అన్నం, పప్పు జబర్దస్త్‌గా అవుతాయి. పెంక పెడితే మాత్రం మంట సూటిగా నడుమ తగులుతుంది, రొట్టె మధ్యలో రూపాయి బిళ్లంత నల్లగా మాడుతుంది, అంచులు పచ్చి. మా ఇంటావిడ రెండు రోజులు చూసి మూడో రోజు రాళ్ల పొయ్యి మళ్లీ పెట్టేసింది. రొట్టెకు కావాల్సింది మంట కాదు సార్, పెంక అంతా ఒక్కతీరుగా కాగడం. పైగా చివర్న రొట్టెను తీసి నిప్పుకల పక్కన నిలబెట్టి పొంగించాలి. ఈ పొయ్యిలో నిప్పుకలు ఎక్కడ ఉంటాయి?

సుతారి మామ
ఇది నిజమే, దాచేది లేదు. నేను పెంక కింద నాలుగు అంగుళాల ఇనుప బిళ్ల ఒకటి గొట్టం మీద అంగుళం ఎత్తున పెట్టి చూసిన, మంట దానికి తగిలి పక్కలకు విచ్చుకుంటది. మందం పెంక అయితే ఇంకా నయం. రెండు పుల్లలకంటే ఎక్కువ పెట్టొద్దు. మాడుడు తగ్గింది గాని నిప్పుకల మీద పొంగిన రొట్టె రుచి రాలే.

కల్వకుర్తి లెక్కల పంతులు
రొట్టె దగ్గర నా లెక్కలు పనిచేయవు, మా ఆవిడ ముందే చెప్పింది. కాబట్టి తూకం గురించి చెబుతాను. కట్టె ఆదా అయిందో లేదో కంటితో చూసి చెప్పొద్దు. 5 లీటర్ల నీళ్లు తీసుకో, అదే గంజు, అదే మూత, అవే ఎండు కట్టెలు. ముందు తూచు, మరిగాక మిగిలిన కట్టెలు తూచి తీసేయ్. మూడు రాళ్ల మీద ఒకసారి, కొత్తదాని మీద ఒకసారి. పొయ్యి చల్లగా ఉన్నప్పుడే మొదలుపెట్టు, లేకపోతే మోసం.

మర్రిగూడ రైతుబిడ్డ
సార్ చెప్పినట్టే కూరగాయల కాంటా తెచ్చి తూచాను. మూడు రాళ్ల మీద 820 గ్రాములు. సవరించిన ఇటుకల పొయ్యి 560. మొన్న కుమ్మరి గొట్టం వచ్చింది, మిర్యాలగూడ వెళ్లిన మా బావ రెండు సంచుల ఊక బూడిద తెచ్చాడు, పెట్టి, పోసి, రెండు రోజులు ఆరబెట్టి తూచితే 430! రేకు తొడుగు ఇంకా పెట్టలేదు. అమ్మ మాత్రం "నీళ్లు మరగబెట్టి పారబోసుడు ఏందిరా, బర్లకన్న పొయ్యరా" అని తిట్టింది. మూడుసార్లు మరగబెట్టినవీ దాణాలోకే పోయాయి.

కల్వకుర్తి లెక్కల పంతులు
శెభాష్. 28 డిగ్రీల నీళ్లు అనుకుంటే 5 లీటర్లకు 360 కిలోకేలరీలు కావాలి. మూడు రాళ్ల మీద నువ్వు మండించింది 3,116, అంటే నీళ్లకు చేరింది నూటికి పదకొండున్నర. ఇటుకల మీద 17. గొట్టం, బూడిదతో 22. నిప్పుల లెక్క వదిలేశాం కాబట్టి కాస్త అటూ ఇటూ, కానీ దారి సరైందే. చూశావా, ఆకారం సరిచేస్తే 260 గ్రాములు తగ్గింది, మన్ను తీసి బూడిద పోస్తే ఇంకో 130. రేకు తొడుగు పెట్టి మళ్లీ తూచు.

మిల్లు బూడిద
130 గ్రాములు మా మిర్యాలగూడ ఖాతాలో రాసుకోండి.

వనపర్తి వదిన
పొయ్యి మార్చకుండా కట్టె మిగిల్చే ఉపాయం నేను చెప్తా, తూచుకోండి. కందిపప్పు నానబెట్టి, పదిహేను నిమిషాలు బాగా ఉడకనిచ్చి, మూత తీయకుండా గంజును దించి పాత గొంగడిలో చుట్టి గడ్డి నింపిన గంపలో పెట్టేయండి. గంట, గంటన్నరకు మెత్తగా అవుతుంది. మంట లేదు, మాడదు, కలిపే పని లేదు. మా ఊళ్లో గొర్రెలకాపరుల ఇళ్లలో మంచి గొంగళ్లు ఉంటాయి, చిరిగినవి పారేయకుండా అడిగి తెచ్చుకున్నా. అడుగున మసి ఉంటే ముందు గోనె పట్టా చుట్టండి, లేకపోతే గొంగడి గతి అంతే.

జడ్చర్ల పాతకాపు
ఇప్పుడే అంతా చదివాను. పొగ లేని పొయ్యి అనగానే మా ఇంటి వంటగది గుర్తొచ్చింది. కేంద్రం మెరుగైన పొయ్యిల జాతీయ కార్యక్రమం 1983లో మొదలుపెట్టి 2002 దాకా నడిపింది. మా ఇంట్లో రెండు కళ్ల పొయ్యి, సిమెంటు పొగగొట్టంతో కట్టి పోయారు. మొదటి ఏడు బాగుంది. గొట్టం నెలకోసారి దులపాలని చెప్పారో లేదో నాకు తెలియదు, మేమైతే దులపలేదు. మసి పేరుకుని మూసుకుపోయింది, పొగ మళ్లీ ఇంట్లోకే. అమ్మ రెండో కన్ను మీద ఊరగాయ జాడీ పెట్టుకుంది. అంతకు ముందే, 1950లలో, హైదరాబాద్ ఇంజనీరింగ్ పరిశోధనాశాలలో ఎస్.పి.రాజు అనే ఇంజనీరు మట్టితో పొగగొట్టం ఉన్న పొయ్యి రూపొందించారు, హెర్ల్ చుల్హా అనేవారు దాన్ని. మన దగ్గర పుట్టిన పని.
ఒక హెచ్చరిక. పొగ కనపడట్లేదని ఈ రాకెట్ పొయ్యిని తలుపులు మూసిన గదిలో పెట్టొద్దు. కంటికి కనపడని, వాసన లేని కార్బన్ మోనాక్సైడ్ అప్పుడూ వస్తుంది, నిప్పులు మాత్రమే మిగిలినప్పుడు ఇంకా ఎక్కువ. వాకిట్లోనో, పంచలోనో పెట్టండి, గడ్డి కప్పు కింద అసలే వద్దు.

జొన్నరొట్టె జిందాబాద్
ఊరగాయ జాడీ 😂😂 మా ఇంట్లో దాంట్లో కోడి పొదిగింది.

మర్రిగూడ రైతుబిడ్డ
చివరి అప్‌డేట్. నీళ్లు, దాణా, అన్నం కొత్త పొయ్యి మీద. రొట్టెలు మూడు రాళ్ల మీదే, దాంట్లో అమ్మ ఒక్క మెట్టు కూడా దిగలేదు, నేనూ అడగడం మానేశాను. పొయ్యి ఎత్తుగా ఉందని, పీట మీద కూర్చుంటే గంజులోకి కనపడట్లేదని గొణిగింది, అందుకని పొయ్యిని నాలుగు అంగుళాలు నేలలోకి దించి, నోటి ముందు ఏటవాలుగా తవ్వాను గాలి ఆడేలా. ఇవాళ పొద్దున లేచి చూస్తే బయటంతా పేడతో అలికి, జాజు పూసి, చుట్టూ ముగ్గు పెట్టి ఉంది.

సుతారి మామ
జాజు పూస్తే పూసింది గాని, పైన మూతి దగ్గర గీకెయ్యమను అల్లుడూ. కాగి, పొట్టు లేచి అన్నంల పడుతది.